సీటు ఎవరి సొత్తు?



పదో తరగతి ఫలితాలు వెలువడిన తరువాత మన పల్లెల్లో కొన్ని వారాలపాటు ఒకే మాట వినిపిస్తుంది: "బాసర లిస్టు వచ్చిందా?" బీర్కూరు, బాన్సువాడ, కోటగిరి, వర్ని, ఎటు వెళ్లినా ఇదే మాట. జాబితాలో పేరున్న ఇంటివారు మిఠాయి పంచుతారు, దేవాలయంలో కృతజ్ఞతా పూజ పెట్టిస్తారు. పేరు లేని ఇంటివారు ఆ ఆదివారం వెనుక వరుసలో కూర్చుని, పూజ ముగియగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోతారు. ఇద్దరు పిల్లలూ ఒకే ఉపదేశ తరగతిలో కూర్చున్నవారే. ఇద్దరి మధ్యా తేడా కొన్నిసార్లు ఒక్క మార్కు.

ఈ సందర్భంలో మనం సాధారణంగా అడగని ప్రశ్న ఒకటి ఉంది. కొందరు పిల్లలను ఏరి, ప్రజలందరి డబ్బుతో వారికి మాత్రమే మంచి చదువు చెప్పించడం న్యాయమేనా? న్యాయమే అయితే, అలా వచ్చిన సీటు ఎవరి సొత్తు? ఈ వారం దీనిని కలిసి ఆలోచిద్దాం.

ముందుగా బాసర సంగతి కొంత తెలుసుకోవాలి. రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసి నెలకొల్పింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ అనే మూడు చోట్లా కలిపి మొదటి ఏడాదే ఆరు వేల మందికి పైగా పిల్లలను చేర్చుకున్నారు. 2014లో రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణ వంతుకు వచ్చింది. జనం దీనిని ట్రిపుల్ ఐటీ అంటారు. పేరుకు విశ్వవిద్యాలయమే గాని, చేరేవారు పదిహేను పదహారేళ్ల పిల్లలు. మొదటి రెండేళ్లు ఇంటర్మీడియట్‌కు సమానమైన చదువు, తరువాత నాలుగేళ్లు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదువుకోవాలి. పల్లెటూరి పిల్లల కోసమే దీనిని తలపెట్టారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు అనే పల్లెలో పుట్టి, కంప్యూటరు శాస్త్రంలో 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు దీనికి మొదటి కులపతి. పల్లెలో పుట్టినంత మాత్రాన బుద్ధికి కొదువ ఉండదని ఆయన జీవితమే చెబుతుంది.

ఇక ప్రశ్నకు వద్దాం. "దేవుని దృష్టిలో అందరూ సమానులే కదా, మరి కొందరినే ఎందుకు ఏరాలి?" అని మీలో కొందరు అడగవచ్చు. పునీత తోమాసు అక్వినాసు ఈ విషయాన్ని చాలా స్పష్టంగా విడదీశారు. ఇచ్చి పుచ్చుకోవడంలోని న్యాయం ఒకటి, పంచి ఇవ్వడంలోని న్యాయం మరొకటి. కొట్టులో కిలో బియ్యం కొంటే కొన్నవాడు ఎవరైనా కిలోకి కిలో తూగాలి. అది మొదటి న్యాయం. ఉమ్మడి సొత్తును పంచేటప్పుడు మాత్రం, ఎవరికి ఏ కారణం చేత ఇస్తున్నామో చూసి ఇవ్వాలి. అది రెండవ న్యాయం. ఆ కారణం పంచుతున్న వస్తువుకు తగినదై ఉండాలి. ఉపాధ్యాయ పదవిని చదువును బట్టి ఇస్తే న్యాయం, ధనాన్ని బట్టి ఇస్తే పక్షపాతం. అటువంటి పక్షపాతాన్ని ఆయన పాపాల లెక్కలో చేర్చారు.

కాబట్టి ఏరడమే తప్పని చెప్పలేము. లెక్కలు, విజ్ఞానం లోతుగా నేర్చుకోగల పిల్లలకు అటువంటి బడి కావాలి. వారిని ఆ ఎత్తుకు తీసుకుపోకపోతే వారికీ నష్టం, మనకూ నష్టం. తప్పొప్పులు తేలేది ఏ కారణంతో ఏరుతున్నాము అన్న దగ్గర.

బాసర సీటుకు సాధారణంగా పదో తరగతి ఫలితమే ఆధారం. గ్రేడు పాయింట్ల పద్ధతి ఉన్న ఏళ్లలో, ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, మున్సిపల్ పాఠశాలల పిల్లలకు పదికి వచ్చిన పాయింట్ల మీద మరో 0.4 కలిపేవారు. 2025 నుంచి తెలంగాణలో పదో తరగతికి మళ్లీ మార్కులే ఇస్తున్నారు. లెక్కించే తీరు ఎలా మారినా, ఆ 0.4 లేవనెత్తిన ప్రశ్న మాత్రం మారదు. అలా కలపడం జాలి చూపడమా, న్యాయం చేయడమా?

నిజాంసాగర్ కాలువ కింద వరి వేసే మీకు దీనిని వివరించడం కష్టం కాదు. తూము పక్కన పొలం ఉన్న రైతుకు ముప్ఫై బస్తాలు పండాయి. చివరి ఆయకట్టులో, నీళ్లు వచ్చీరాని చోట, రాత్రిళ్లు కాలువ గట్టున కాపలా ఉండి మడి తడుపుకున్న రైతుకు ఇరవై ఎనిమిది బస్తాలు పండాయి. ఇద్దరిలో సేద్యం తెలిసినవాడు ఎవరంటే మీరు బస్తాలు మాత్రమే లెక్కపెట్టి చెబుతారా? నీళ్లు ఎంత అందాయో కూడా అడుగుతారు. లెక్కల పంతులు పోస్టు ఖాళీగా ఉన్న బడిలో చదివి, సాయంత్రం గేదెలను తోలుకొచ్చి, ఆ తరువాత పుస్తకం పట్టిన పిల్లకు వచ్చిన మార్కు చివరి ఆయకట్టు పంట వంటిది. ఆ పిల్లకు కొంత కలపడం దానం కాదు. ఆ మార్కు వెనుక ఉన్న శక్తిని సరిగా తూచే ప్రయత్నం అది.

అయితే మన విచారణల్లోని కుటుంబాలు దీనికి ఒక అభ్యంతరం చెబుతాయి. దానిని పక్కకు నెట్టడం సరి కాదు. "కూలికి పోయి పిల్లను కాన్వెంట్ల చదివిపిచ్చినం ఫాదర్, గదేనా మేం చేసిన తప్పు?" అని ఒక తల్లి అడిగితే ఏం చెబుతాం? ఆ ఇంట్లోనూ పేదరికమే. ఫీజు కోసం చిట్టీ పాడారు, పుస్తెలు కుదువపెట్టారు. అయినా బడి పేరు ప్రయివేటు గనుక ఆ 0.4 వారి పిల్లకు లేదు.

ఆ తల్లి మాటలో న్యాయం ఉంది. చట్టం మనుషులను ఒక్కొక్కరిగా చూడలేదు, వర్గాలుగా మాత్రమే చూస్తుంది. క్రీస్తుకు పూర్వమే అరిస్టాటిల్ ఈ లోపాన్ని గుర్తించాడు. లెస్బోసు ద్వీపంలోని మేస్త్రీలు సీసంతో చేసిన కొలబద్ద వాడేవారట. రాయి వంపును బట్టి అది వంగుతుంది. చట్టానికి కూడా అటువంటి వంగే గుణం తోడు కావాలని ఆయన అన్నాడు. అక్వినాసు దానినే ఒక సద్గుణంగా బోధించారు. కాబట్టి ఆ తల్లికి నేనిచ్చే జవాబు ఇది: "అమ్మా, ఈ కొలబద్ద సరిపోదనడం న్యాయమే. ఇంటి ఆదాయాన్ని, తల్లిదండ్రుల చదువును కూడా చూడమని అడగడం నీ హక్కు. కానీ అసలు కొలబద్దే వద్దు, మార్కు ఒక్కటే చాలు అనకు. అలా అంటే ముందుగా నష్టపోయేది నీవంటి ఇళ్లే."

ఈ విషయంలో మన మనసు ఎంత తేలికగా పక్కకు ఒరుగుతుందో చెప్పడానికి దూరదేశపు సంగతి ఒకటి చూద్దాం. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఫేర్‌ఫాక్స్ కౌంటీలో, థామస్ జెఫర్సన్ పేర విజ్ఞాన సాంకేతిక ఉన్నత పాఠశాల ఒకటి ఉంది. 1985లో తెరిచారు. అది కూడా ప్రభుత్వ బడే, అందులోనూ పిల్లలను ఏరే చేర్చుకుంటారు. ప్రవేశ పరీక్ష కోసం అక్కడి తల్లిదండ్రులు పిల్లలను చిన్న వయసు నుంచే శిక్షణకు పంపేవారు. 2020లో ఆ పరీక్షను తీసివేశారు. ప్రతి మిడిల్ స్కూలు నుంచి కొందరికి చోటు ఉంచి, ఇంటి పేదరికం వంటి పరిస్థితులనూ లెక్కలోకి తీసుకున్నారు. ఆ తరువాత చేరినవారిలో ఆసియా సంతతి పిల్లల వాటా సుమారు 73 శాతం నుంచి 54 శాతానికి తగ్గింది. కొందరు తల్లిదండ్రులు న్యాయస్థానానికి వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు. కొత్త పద్ధతి అలాగే నిలిచింది.

అక్కడి ఆసియా సంతతివారిలో మన దేశం నుంచి వెళ్లిన ఇంజనీర్లూ ఉన్నారు. పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం బాసరలో మన పిల్లకు మేలు చేస్తే న్యాయమంటాం. అదే పద్ధతి వర్జీనియాలో మనవారి పిల్లకు అడ్డు వస్తే అన్యాయమంటాం. అక్కడి తల్లిదండ్రుల బాధ అబద్ధమని నేననను. రాత్రింబవళ్లు చదివిన పిల్లకు సీటు రాకపోతే ఆ కష్టం కష్టమే. కానీ గట్టుకు ఏ పక్కన నిలబడితే ఆ పక్కకే తీర్పు చెప్పడం న్యాయబుద్ధి కాదు. జాన్ రాల్స్ అనే అమెరికా తత్త్వవేత్త 1971లో వెలువరించిన గ్రంథంలో ఒక ఉపాయం చెప్పాడు. నీవు ఏ ఇంట్లో పుడతావో, ఏ తెలివితో పుడతావో నీకు తెలియదనుకో, అప్పుడు నియమం ఎలా ఉండాలని కోరుకుంటావో ఆలోచించు అన్నాడు. ఇరుగుపొరుగును నీవలె ప్రేమించమన్న ప్రభువు ఆజ్ఞను ఎరిగిన మనకు ఇది కొత్త సంగతి కాకూడదు.

ఇప్పుడు మరింత సున్నితమైన ప్రశ్నకు వస్తున్నాను. సీటు వచ్చిన ఇంట్లో "దేవుడు మా పిల్లను ఎన్నుకున్నాడు" అంటారు. ఆ మాట విన్న పక్కింటి తల్లి మనసులో ఏమనుకుంటుంది? "మరి మా పిల్లను దేవుడు వద్దనుకున్నాడా?" అనుకుంటుంది. పైకి అనకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న కొన్ని ఇళ్లలో సంవత్సరాల తరబడి ఉండిపోతుంది.

ద్రాక్షతోట పనివారి ఉపమానం మీకు తెలుసు. పొద్దు గూకే వేళ వచ్చినవారు సోమరులు కారు, అంతవరకు వారిని ఎవరూ పనికి పిలవలేదు. యజమాని వారికీ పూర్తి కూలి ఇచ్చాడు. ముందుగా వచ్చినవారికి ఒక్క నాణెం కూడా తగ్గలేదు. దేవుని కృప అటువంటిది. ఒకరికి ఇస్తే మరొకరికి తరగదు. బాసర సీట్లు అటువంటివి కావు. అవి సుమారు పదిహేను వందలు. ఒకరు కూర్చుంటే మరొకరు నిలబడాలి. ఆ జాబితాను తయారు చేసింది మనుషులు, మనుషుల నియమాలతో. దానిని దేవుని సంతకంతో వచ్చిన తీర్పుగా భావించడం పొరపాటు. పిల్లకు బుద్ధినిచ్చినందుకు, ఓపికనిచ్చినందుకు, చెప్పిన పంతులు కోసం, కష్టపడిన తల్లిదండ్రుల కోసం దేవునికి వందనాలు చెప్పండి. పక్కింటి పిల్ల కంటే మా పిల్లను ఎక్కువ చేశావని మాత్రం చెప్పకండి. దేవాలయంలో నిలబడి, ఇతరులవలె నేను లేనందుకు కృతజ్ఞతలు అని ప్రార్థించిన పరిసయ్యుడు ఎలా తిరిగి వెళ్లాడో లూకా సువార్తలో చదువుకున్నాం.

అయితే సీటు ఎవరి సొత్తు? పాపగారు రెండవ జాన్ పాల్ రెండు లేఖల్లో చెప్పిన రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. 1987లో వెలువరించిన లేఖలో, మనిషి సొత్తు మీద సమాజానికి తాకట్టు ఉందని బోధించారు. సొత్తు నీదే, కాని దాని మీద అందరికీ హక్కు ఉంది. 1991లో వెలువరించిన లేఖలో, మన కాలంలో భూమి ఒక్కటే ఆస్తి కాదు, విద్య, సాంకేతిక జ్ఞానం, నైపుణ్యం కూడా ఆస్తులేనని చెప్పారు. ఈ రెండూ కలిపితే తేలేది ఒకటే: చదువు మీద కూడా తాకట్టు ఉంది. పట్టాదారు పాసుపుస్తకం బ్యాంకులో పెట్టిన రైతుకు తాకట్టు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పొలం దున్నుకోవచ్చు, పండించుకోవచ్చు, కాని బాకీ ఉందని మరువకూడదు. బాసరలో చదివే పిల్లకు పెట్టిన ఖర్చులో, పక్కింట్లో సీటు రాని పిల్ల తండ్రి కట్టిన పన్ను కూడా ఉంది. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను కట్టేవాడే కదా.

దీనికి ఉదాహరణ ఎక్కడో వెదకనక్కరలేదు, మన మడిలోనే పారుతోంది. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టారు. దాని వెనుక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. హైదరాబాదులో చదువుకున్న ఆ యువకుణ్ణి ఏరి, ప్రభుత్వ ఉపకారవేతనంతో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు పంపారు. ఆ చదువుతో ఆయన ఎక్కడైనా సుఖంగా బతకవచ్చు. తిరిగి వచ్చి చెరువులు, ఆనకట్టలు కట్టాడు. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. ఆనాడు ఒక్కడికి ఇచ్చిన చదువు వందేళ్ల తరువాత కూడా పేరు తెలియని వేలమంది రైతులకు అన్నం పెడుతోంది. ఏరడం ఎప్పుడు న్యాయమవుతుందో ఈ కాలువే చెబుతుంది. ఏరబడనివారికి కూడా మేలు కలిగినప్పుడు అది న్యాయమవుతుంది.

అందరూ ఆనకట్టలు కట్టాలని నేననడం లేదు. చదివినవారంతా ఊళ్లోనే ఉండిపోవాలనీ అనడం లేదు. హైదరాబాదుకు వెళ్లండి, బయటి దేశాలకు వెళ్లండి. తాకట్టు తీర్చే మార్గాలు చాలా ఉన్నాయి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారం రోజులు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి. దరఖాస్తు ఎలా నింపాలో, ఏ కాగితాలు కావాలో చూపించండి. రేపు ఉద్యోగంలో ఒక వంతెనకు, ఒక యంత్రానికి, ఒక ప్రోగ్రాముకు బాధ్యులైనప్పుడు లంచానికి లొంగకుండా పని చేయండి. అదీ బాకీ తీర్చడమే. ముగ్గురు సేవకుల ఉపమానంలో శిక్ష పడింది తక్కువ సంపాదించినవాడికి కాదు, అప్పగించిన ధనాన్ని భూమిలో పాతిపెట్టి ఎవరికీ పనికిరాకుండా చేసినవాడికి.

బాకీ పిల్లల మీదే కాదు, ఏరినవారి మీద కూడా ఉంది. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వేలమంది కనీస సౌకర్యాల కోసం, పూర్తికాలపు ఉపకులపతి కోసం దాదాపు వారం రోజులు ఎండకు ఎండి, వానకు తడిసి శాంతియుతంగా కూర్చున్నారు. మంత్రి వచ్చి మాట్లాడిన తరువాతనే విరమించారు. పిల్లలను ఏరి, మెచ్చుకుని, ఆపైన మరచిపోతే అది సగం న్యాయం మాత్రమే. తల్లిదండ్రులకూ ఒక మాట. అక్కడ కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు కూడా మనం చదివాం. ఊళ్లో మొదటి మార్కు వచ్చిన పిల్ల, అందరూ మొదటి మార్కులవారే ఉన్న చోటికి వెళ్లి వెనుకబడినప్పుడు, తన విలువే పోయిందనుకుంటుంది. ఆదివారం ఫోను చేసినప్పుడు మార్కుల కంటే ముందు అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా, స్నేహితులు ఉన్నారా అని అడగండి. చదవలేకపోతే ఇంటికి రావచ్చు, ఈ ఇల్లు నీదే అని ఒకసారి నోటితో చెప్పండి. ఆ మాట పిల్లలకు తెలిసే ఉంటుందనుకోవద్దు.

చివరిగా, జాబితాలో పేరు రాని పిల్లలారా, ఈ పత్రిక మీ ఇంట్లో ఎవరైనా చదువుతుంటే తీసుకుని ఈ పేరా చదవండి. ఆ జాబితా మీ గురించి చెప్పింది ఒక్క సంగతే: ఈ ఏడాది, ఈ లెక్క ప్రకారం, ఈ బడిలో చోటు లేదు. అంతకు మించి అది ఏమీ చెప్పలేదు. ఇంటర్మీడియట్ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది, సేద్యం ఉంది. మోటారు కాలిపోయి నాలుగు రోజులు పొలం ఎండుతున్నప్పుడు దానిని చుట్టి నిలబెట్టే మెకానిక్ విలువ మీ నాన్నను అడగండి. మన రక్షకుడు తన జీవితంలో ఎక్కువ కాలం వడ్రంగి పనిలో గడిపాడు. పనికి విలువ తెచ్చేది ఆ పని చేసే మనిషే అని 1981లో పాపగారు పని గురించి రాసిన లేఖలో బోధించారు. మీకు అప్పగించినది వేరు కావచ్చు. తక్కువ మాత్రం కాదు.

విచారణ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఏడాది ఫలితాల తరువాత కృతజ్ఞతా పూజ పెట్టినప్పుడు, సీటు వచ్చిన పిల్లలను మాత్రమే బలిపీఠం ముందుకు పిలవకండి. ఆ ఏడు పదో తరగతి రాసిన పిల్లలందరినీ, తప్పినవారితో సహా, పిలవండి. ఒకే ప్రార్థన చేయండి, ఒకే ఆశీర్వాదం ఇప్పించండి. బాసరకు వెళ్లే పిల్లలు తమతోపాటు నిలబడిన ముఖాలను ఒకసారి చూసి వెళ్లనివ్వండి. ఎవరి తరఫున వెళ్తున్నారో వారికి గుర్తుంటుంది.